ఇంటి పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే 30 వేలతో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. భీమవరంలో ఉంటారు. ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు కారం బాగా చేస్తారని చుట్టాల్లో పేరుంది. చేతిలో 30 వేలున్నాయి. మీవారు ముందు వెబ్‌సైట్ కావాలంటున్నారు, మీ తమ్ముడు ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ వేద్దామంటున్నాడు, ఎవరో ఫోన్ చేసి 25 వేలు కడితే డిజిటల్ మార్కెటింగ్ నేర్పిస్తామంటున్నారు. ముగ్గురిలో ఎవరి మాట వినాలో తేలక టెన్షన్ పడుతున్నారు.

నేను విజయవాడలో ఇంటి నుంచే పచ్చళ్లు, పొడులు అమ్ముతున్నాను. మొదట్లో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఒక్కటే ఉండేది. ఇప్పుడు నలుగురు ఆడవాళ్లు నాతో కలిసి పని చేస్తున్నారు. నన్నడిగితే ఆ ముగ్గురి మాటా ఇప్పుడే వినక్కర్లేదు. మొదటి ఆరు నెలలు మీరు లెక్క పెట్టాల్సింది ఒకటే: మొదటిసారి కొన్నవాళ్లలో ఎంతమంది మళ్లీ అడిగారు? ఫాలోవర్లు, లైకులు, లోగో ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఎందుకంటే మన వ్యాపారంలో మొదటి ఆర్డర్ మీద డబ్బు మిగలదు. ఇది లెక్క వేసి చూపిస్తాను, అప్పుడు మిగతా సంగతులు వాటంతటవే తేలిపోతాయి.

కిలో ఆవకాయకు మామిడికాయ, కారం, ఆవపిండి, నువ్వుల నూనె, ఉప్పు, వెల్లుల్లి కలిపి 240 రూపాయలు అయిందనుకుందాం. గ్యాసు, కరెంటు 10. మీ కూలి, సాయం చేసినవాళ్ల కూలి 60 (మీ కూలి తప్పకుండా వేసుకోండి, మన ఇంట్లోవాళ్లు దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు). సీసా, సీలు, లేబుల్, బబుల్ కవరు, అట్టపెట్టె 55. పగిలినవాటికి, రుచి చూడ్డానికి ఇచ్చినవాటికి 15. మొత్తం 380. దాన్ని మీరు 560కి, డెలివరీ ఫ్రీ అని అమ్మారు. కొరియర్‌కి 110 పోయింది. మిగిలింది 70. ఇప్పుడు తమ్ముడి యాడ్ కలపండి. వెయ్యి రూపాయల యాడ్‌కి పదిహేను మంది మెసేజ్ చేసి, ముగ్గురు కొన్నారనుకుంటే ఒక్కో ఆర్డర్‌కి 333 ఖర్చు. అంటే ఆ ఆర్డర్ మీద మీకు 263 రూపాయల నష్టం. ఆ నష్టం పూడాలంటే అదే మనిషి యాడ్ లేకుండా ఇంకో నాలుగుసార్లు కొనాలి. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి, జీఎస్టీ కూడా ఇందులో కలపలేదు, కాబట్టి అంకెలు మార్చుకోండి. కానీ అంకెలు మార్చినా దాదాపు ఇదే తేలుతుంది. రెండోసారి అడగని కస్టమర్‌ని డబ్బిచ్చి తెచ్చుకోవడం ఓటి కుండలో నీళ్లు పోసినట్టే.

అందుకే ముందు ధర, ప్యాకు సరిచేసుకోండి. కిలో సీసా ఒక్కటే పంపే ఆర్డర్లు తీసుకోవద్దు. అరకిలో సీసాలు మూడు కలిపి ఒక కట్ట చేయండి: ఆవకాయ, గోంగూర, ఒక పొడి. ఒక్కోటి 290 అంటే 870. అరకిలో సీసాకి ఖర్చు కొంచెం ఎక్కువ పడుతుంది, 205 వేసుకుంటే మూడింటికి 615. కొరియర్ విడిగా తీసుకుంటే 255 మిగులుతుంది. పైగా కస్టమర్ మూడు రుచులు చూస్తారు, ఒకటి నచ్చకపోయినా ఇంకోటి పట్టుకుంటుంది. "డెలివరీ ఫ్రీ" అనకపోతే ఎవరూ కొనరని భయపెడతారు. నా అనుభవంలో కొరియర్ చార్జీ ముందే, స్పష్టంగా చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. చివర్లో చెబితే మాత్రం మొహం మాడ్చుకుంటారు. ఇంకో సంగతి: చాలా కొరియర్లు అసలు బరువుతో పాటు పెట్టె సైజు కూడా చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేది, అసలు బరువు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పెద్ద పెట్టెలో థర్మాకోల్ కూరి పంపితే గాలికి కూడా చార్జీ కడుతున్నట్టే. సీసాలకు సరిగ్గా పట్టే పెట్టె ఒకే సైజులో కొనుక్కోండి.

ఇక చట్టం సంగతి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఇంట్లో వండి అమ్మినా ఆహార పదార్థాలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు తప్పనిసరి. ఫోస్కాస్ అనే వెబ్‌సైట్లో మీరే అప్లై చేయొచ్చు. చిన్నవాళ్లకు బేసిక్ రిజిస్ట్రేషన్ సరిపోతుంది. చాలా ఏళ్లుగా దీని ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ఏ టర్నోవర్ దాకా ఇది సరిపోతుందో అప్లై చేసే రోజు అదే సైట్లో చూసుకోండి, నిబంధనలు మారుతూ ఉంటాయి. ఆ వంద రూపాయల పనికి మూడు నాలుగు వేలు అడిగే ఏజెంట్లు బోలెడు. వచ్చే 14 అంకెల నంబరు ప్రతి లేబుల్ మీదా ఉండాలి. దాంతో పాటు పదార్థం పేరు, ఏమేం వేశారో ఎక్కువ నుంచి తక్కువకు, నికర బరువు, తయారు చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, మీ చిరునామా, ఫోన్ నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క కూడా వేయాలి. కందిపొడిలో పల్లీలు కలిపితే ఆ మాట కనపడేలా రాయండి, వేరుశెనగ పడనివాళ్లుంటారు.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది, మీలాంటి వాళ్లకు ఇదే ముఖ్యం. సరుకులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల దాకా, తెలంగాణలో 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ చెబుతారు. అది నిజమే, కానీ ఆ మినహాయింపు సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. పచ్చడి లాంటి పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. 2014కి ముందైతే భీమవరం నుంచి హైదరాబాద్‌కి పంపడం మన ఊళ్లో మనం అమ్ముకున్నట్టే. ఇప్పుడది వేరే రాష్ట్రం. మీ చుట్టాల్లో చాలామంది హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నారు కాబట్టి మీకు రెండు దారులున్నాయి. మొదటి మూడు నాలుగు నెలలు విజయవాడ, విశాఖ, రాజమండ్రి, గుంటూరు, తిరుపతిలకే అమ్మి చేయి తిరిగాక రిజిస్ట్రేషన్ తీసుకోవడం ఒకటి. మొదటే తీసుకోవడం రెండోది. రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం ఫీజు తీసుకోదు, కానీ ఆ తర్వాత అమ్మకం లేకపోయినా రిటర్నులు వేయాల్సిందే, ఆలస్యమైతే ఫైన్ పడుతుంది, ఆడిటర్‌కి ఎంతో కొంత ఇవ్వాలి. కాంపోజిషన్ స్కీమ్ (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) తేలిక అంటారు గానీ అందులో ఉన్నవాళ్లు రాష్ట్రం బయటికి అమ్మకూడదు. పచ్చళ్ల మీద పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, అది కాస్త ఊరట. నేనైతే మొదటి దారే సూచిస్తాను. చుట్టాలకు కానుకగా పంపే సీసాలు అమ్మకం కిందికి రావు, వాటికి బెంగ అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా పూర్తిగా ఉచితం, దానికీ ఎవరికీ డబ్బివ్వొద్దు.

ఇప్పుడు సరుకు. ఐదు రకాలు ఒకేసారి వద్దు. మూడు చాలు. చికెన్, రొయ్యల పచ్చళ్లు ఎక్కువ ధర పలుకుతాయని మీ తమ్ముడు అనే ఉంటాడు. మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దు. అవి చెడితే పోయేది డబ్బొక్కటే కాదు, తిన్నవాళ్ల ఆరోగ్యం కూడా. ఆవకాయ, మాగాయల్లో ఉప్పు, పులుపు, నూనె మనకు కాపలా కాస్తాయి, మాంసం పచ్చళ్లకు అంత కాపలా లేదు. ఆవకాయలోనైనా తడి మాత్రం పనికిరాదు. కాయ కడిగి, ఒక్కోటి పొడిగుడ్డతో తుడిచి, ఆరాకే కొట్టించాలి. సీసాలు ఎండలో ఆరాలి. సీసా నింపాక ముక్క పైన నూనె తేలాలి. ఇవన్నీ మీకు తెలుసు, కానీ పది సీసాలప్పుడు చేతికొచ్చిన పద్ధతి వంద సీసాలప్పుడు జారిపోతుంది. అందుకే కొలతలు కాగితం మీద పెట్టండి. "గుప్పెడు", "సరిపడా" వద్దు. మామిడి ముక్క ఇన్ని గ్రాములకు కారం ఇన్ని గ్రాములు అని తూకం వేసి రాసుకోండి. మళ్లీ ఆర్డర్ ఇచ్చే మనిషి పోయినసారి తిన్న రుచే వెతుక్కుంటాడు. పోయిన బ్యాచ్ కంటే బాగుందన్నా సరే, అదే రుచి కాకపోతే అనుమానం వస్తుంది. కారం కూడా అంతే. గుంటూరు తేజ రకం మిరప ఒకసారి, ఇంకో రకం ఒకసారి కలిపితే ఘాటు, రంగు రెండూ మారిపోతాయి. ఒక మిల్లు, ఒక రకం పట్టుకుని దాన్నే వాడండి.

ప్రతి బ్యాచ్ నుంచి ఒక సీసా మీ దగ్గరే ఉంచుకోండి, ఫ్రిజ్‌లో కాదు, బయట. నెలకోసారి మూత తీసి వాసన, రంగు, రుచి చూసి రాసుకోండి. ఎవరైనా "బూజు పట్టింది" అని ఫోన్ చేస్తే మీ దగ్గరున్న సీసా చూసి తప్పు మనదా, వాళ్లు తడి గరిటె పెట్టారా అని తేల్చుకోవచ్చు. వాడాల్సిన గడువు కూడా ఆ సీసాలను చూసే నిర్ణయించండి, పక్కవాళ్ల లేబుల్ చూసి కాపీ కొట్టొద్దు. పొడులైతే నెలలు గడిచేకొద్దీ పాత నూనె వాసన వస్తాయి, వాటికి తక్కువ గడువే వేయండి.

ప్యాకింగ్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే రెండో ఆర్డర్ పోయేది సగం ఇక్కడే. పచ్చడి ఎంత బాగున్నా అట్టపెట్టె నూనెతో తడిసి గుమ్మంలోకొస్తే ఆ ఇంటికి మీరిక లేనట్టే. గాజు సీసా అందంగా ఉంటుంది, కొరియర్ వాళ్లు దాన్ని విసిరే తీరు మాత్రం మీరూ చూసే ఉంటారు. మొదట్లో మంచి మందం ఉన్న పెట్ (ప్లాస్టిక్) సీసాలు, మూత కింద అల్యూమినియం రేకు అతికించే ఇండక్షన్ సీల్ వాడండి. చేత్తో పట్టుకుని వాడే చిన్న సీలింగ్ మెషీన్లు దొరుకుతాయి. మీ 30 వేలల్లో నేను కొనమనే పెద్ద వస్తువు ఇదొక్కటే. సీసా అంచు వరకూ నింపకండి, వేసవిలో లారీలో వేడికి నూనె పొంగుతుంది. సీల్ చేసే ముందు అంచుకు నూనె ఏమాత్రం అంటినా రేకు అతకదు, పొడిగుడ్డతో తుడవాలి. సీల్ చేసిన సీసాల్లో కొన్ని తీసి, పాత పేపర్ మీద రెండు రోజులు తలకిందులుగా నిలబెట్టండి. పేపర్ మీద నూనె మచ్చ పడితే ఆ బ్యాచ్ బయటికి వెళ్లకూడదు. అది నెగ్గితే, విశాఖలోనో తిరుపతిలోనో ఉన్న చుట్టానికి నిజంగానే కొరియర్ చేసి, పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసి పంపమనండి. ఆ వీడియో చూశాకే డబ్బు తీసుకుని అమ్మండి.

రాష్ట్రంలోపల ఆర్టీసీ కార్గో కౌంటర్ చాలా ఊళ్లకు చవగ్గా, త్వరగా పని చేస్తుంది. కానీ చాలా చోట్ల అవతలివాళ్లు బస్టాండుకి వచ్చి తీసుకోవాలి, ఆ సంగతి ముందే చెప్పండి. గుమ్మం దాకా కావాలంటే కొరియర్ లేదా స్పీడ్ పోస్ట్. ట్రాకింగ్ నంబరు అడక్కముందే పంపండి. "మా పార్సిల్ ఎక్కడిదాకా వచ్చింది" అని కస్టమర్ అడగాల్సి వచ్చిందంటే అప్పటికే కొంచెం నమ్మకం పోయినట్టు.

సరే, ఇప్పుడు మీరు మార్కెటింగ్ అని అడిగిన భాగానికి వస్తాను. వెబ్‌సైట్ వద్దు. మీ పేరు మీద డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) కొని పెట్టుకోండి, ఏడాదికి వెయ్యి అటూ ఇటూ, అంతకుమించి ఇప్పుడు ఖర్చు అనవసరం. మీ దుకాణం వాట్సాప్ బిజినెస్. అది ఉచితం. వేరే సిమ్ తీసుకుని పెట్టండి, ఇంటి నంబరుతో కలపొద్దు. అందులో క్యాటలాగ్ ఉంటుంది, ఫోటో, ధర, బరువు పెట్టొచ్చు. "ధర ఎంత", "ఎన్ని రోజుల్లో వస్తుంది", "వెల్లుల్లి లేకుండా ఉందా" లాంటివాటికి క్విక్ రిప్లైలు ముందే రాసి పెట్టుకోవచ్చు. కస్టమర్లకు లేబుల్స్ వేయొచ్చు. నేను వాడే లేబుల్స్: అడిగారు, కొన్నారు, మళ్లీ కొన్నారు, ఫిర్యాదు. రోజూ పొద్దున్నే చూసుకునేది "మళ్లీ కొన్నారు" లేబుల్‌నే.

ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టొచ్చు, కానీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది. ఇది తెలియక చాలామంది "మెసేజ్ పంపితే ఎవరూ స్పందించడం లేదు" అని బాధపడతారు. అందుకే ప్రతి పార్సిల్‌లో ఒక చిన్న చీటీ పెట్టండి: ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త పచ్చడి వచ్చినప్పుడు చెబుతాం అని. బ్రాడ్‌కాస్ట్‌లో గుడ్ మార్నింగులు, దేవుడి బొమ్మలు వద్దు. నెలకు రెండు మూడు మెసేజ్‌లు చాలు, ప్రతిదాంట్లో కొనడానికి ఒక కారణం ఉండాలి. స్టేటస్ మాత్రం రోజూ పెట్టొచ్చు, అది ఎవరినీ విసిగించదు.

అన్నింటికన్నా పని చేసే మెసేజ్ ఒకటుంది, అది ఒక్కొక్కరికి విడిగా పంపేది. నలుగురున్న ఇంట్లో అరకిలో సీసా సుమారు మూడు నాలుగు వారాలు వస్తుంది. ఆర్డర్ అందిన మర్నాడు "సీసా బాగా చేరిందా అండీ, నూనె కారలేదు కదా" అని ఒకసారి అడగండి. మూడో వారంలో "ఆవకాయ అయిపోవచ్చిందా అండీ, ఈసారి మాగాయ కూడా వచ్చింది" అని ఇంకోసారి. దీనికోసం ఒక నోట్‌బుక్ చాలు: పేరు, ఊరు, ఏం కొన్నారు, ఎప్పుడు చేరింది, ఏమన్నారు. కారం ఎక్కువైందన్నారా, వెల్లుల్లి తినరా, అమ్మాయి హాస్టల్లో ఉందా, ఇవన్నీ అందులో రాసుకోండి. పెద్ద కంపెనీలు సాఫ్ట్‌వేర్ పెట్టి చేసే పని మనకు ఆ నోట్‌బుక్‌తో అయిపోతుంది.

మొదటి కస్టమర్లు ఎక్కడి నుంచి అంటే, మీకు తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు. చుట్టాలకు అమ్మితే బేరమాడతారు, మొహమాటానికి బాగుందంటారు, దాన్నుంచి మీకు తెలిసేదేమీ ఉండదు. రాష్ట్రంలోనే ఉన్న చుట్టాలను వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో ఒక మాట వేయమనండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు డబ్బిచ్చి కొని, మళ్లీ అడిగితే అదే నిజమైన పరీక్ష. ఫ్రీ శాంపిల్స్ ఊరికే పంచకండి. కొన్న కట్టలో ఇంకో రకం యాభై గ్రాములు చిన్న కవర్లో వేసి పంపండి, తర్వాతి ఆర్డర్‌లో అదే అడుగుతారు.

ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరవండి, కానీ దాన్ని నమ్మకం కోసం వాడుకోండి. ఎవరో మీ పేరు చెబితే కొత్తవాళ్లు ముందు పేజీకి వచ్చి చూస్తారు. అక్కడ గూగుల్‌లో దింపిన ఫోటోలుంటే పని పాడవుతుంది. కిటికీ పక్కన పగటి వెలుగులో మీ ఫోన్‌తోనే తీయండి. రీల్స్‌కి డ్యాన్సులు, డైలాగులు అక్కర్లేదు. కత్తిపీట మీద కాయ కొట్టడం, మాగాయ ముక్కలు ఎండలో పోయడం, నూనె పోసి కలపడం, తూకం వేసి సీల్ చేయడం, ఇవే జనం చూస్తారు. వంటగది శుభ్రంగా ఉందని, చేసేది నిజంగా మీరేనని కనపడాలి. తెలుగులో, మీ గోదావరి యాసలో మాట్లాడండి, అదే మీ గుర్తు. గూగుల్‌లో, మ్యాప్స్‌లో మీ వ్యాపారం కనపడేలా చేసే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా పెట్టుకోవచ్చు, ఊళ్లోవాళ్లు వచ్చి తీసుకెళ్తున్నా, మీరే ఇళ్లకు చేరుస్తున్నా. కొరియర్‌లోనే అమ్మేవాళ్లకు అది వర్తించదు. ఇంటి చిరునామా జనానికి కనపడకుండా దాచే వీలుంది.

యాడ్స్ ఎప్పుడంటే, కొత్తగా కొన్న పదిమందిలో కనీసం ముగ్గురు మీరేమీ తగ్గించకుండానే మళ్లీ కొన్నారని మీ నోట్‌బుక్ చెప్పినప్పుడు. ఈ లెక్క నా సొంతం, ఇంకొకరు ఇంకోలా చెప్పొచ్చు. అప్పుడు కూడా "బూస్ట్ పోస్ట్" బటన్ నొక్కకండి, నేరుగా వాట్సాప్ చాట్ తెరిచే యాడ్ వేయండి, మీరు పంపగలిగే రెండు మూడు ఊళ్లకే పరిమితం చేయండి. మెటా (ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల కంపెనీ) బిల్లు మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుందని గుర్తుంచుకోండి. యాడ్ నడిచే రోజుల్లో ఫోన్ మీ చేతిలోనే ఉండాలి. మధ్యాహ్నం అడిగినదానికి రాత్రి జవాబిస్తే ఆ మనిషి ఈలోగా ఇంకో చోట కొనేసి ఉంటాడు.

25 వేల కోర్సు సంగతి. మీ దగ్గరున్నది 30. అక్కడే మీకు జవాబు దొరికింది. మెటా బ్లూప్రింట్, గూగుల్ స్కిల్‌షాప్ పాఠాలు ఉచితం. ఇంగ్లీష్ కష్టమైతే మీ తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి, యాడ్స్ ఉబలాటం ఎలాగూ ఉంది కదా. మీకు నిజంగా శిక్షణ కావాల్సింది తయారీలో. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో పండ్లు, కూరగాయలను నిల్వ చేసే పద్ధతుల మీద శిక్షణ ఎప్పుడుందో కనుక్కోండి.

పండగలు, సీజన్లు మన వ్యాపారానికి పంచాంగం ఇచ్చేశాయి, దాన్ని వాడుకోండి. మార్చి చివర్లోనే కొత్త ఆవకాయకు అడ్వాన్సు ఆర్డర్లు తీసుకోండి. సగం డబ్బు ముందే వస్తే కాయ, నూనె కొనడానికి అప్పు చేయక్కర్లేదు, ఎంత పెట్టాలో కూడా తెలుస్తుంది. ఆవకాయ ఏడాదికొకసారి పెట్టేది కాబట్టి ఈ ఒక్క సీజన్ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. జూన్, జూలైలో పిల్లలు హాస్టళ్లకు వెళ్తారు, అమ్మలకు పొడులు కావాలి. జూలై, ఆగస్టుల్లో అమెరికా చదువులకు వెళ్లేవాళ్ల సూట్‌కేసులు సర్దుతారు, వాళ్లకు సీసాలు పనికిరావు, మందపాటి కవర్లో రెండుసార్లు సీల్ చేసి ఇవ్వాలి. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్లు చాలామంది, అప్పుడే ఉసిరికాయ కూడా వస్తుంది. వెల్లుల్లి లేని కట్ట ఒకటి కార్తీకానికి రెండు వారాల ముందు చెప్పి చూడండి, యాడ్ లేకుండానే పోతుంది.

అమెరికాకి పార్సిల్స్ పంపి అమ్మడం మాత్రం ఇప్పుడు వద్దు. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదన్న వెసులుబాటు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది. అమ్మకానికి పంపే తిండి వస్తువులకు అక్కడ ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏకి ముందస్తు సమాచారం ఇవ్వాలి. ఒక్క పార్సిల్ అక్కడ ఆగిందంటే మీ నెల లాభం దాంట్లోనే పోతుంది. అక్కడున్నవాళ్లు ఇక్కడి తల్లిదండ్రులకు కొనిపెట్టేలా చేసుకోండి, అది ఇంకా మంచి గిరాకీ.

డబ్బు దగ్గర జాగ్రత్త. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ కట్టొద్దు, నకిలీవి తయారుచేసే యాప్‌లున్నాయి. మీ బ్యాంకు యాప్‌లో డబ్బు కనపడాలి. డబ్బు రావడానికి పిన్ నొక్కక్కర్లేదు, ఎవరైనా నొక్కమన్నారంటే మోసం. "ఆర్మీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నాం, ఇరవై కిలోలు కావాలి, క్యూఆర్ పంపుతున్నాం స్కాన్ చేయండి" అనే ఫోన్లు కొత్త వ్యాపారాలకు తప్పకుండా వస్తాయి. పెట్టేయండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. తెలియనివాళ్లకు క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వకండి, తలుపు దగ్గర వద్దంటే రానూపోనూ కొరియర్ మీదే.

ధర ఎక్కువన్నవాళ్లతో మాట్లాడే తీరు కూడా చెప్పాలి. బజార్లో కిలో 250కి దొరుకుతుంటే మీరు 580 ఎందుకంటున్నారని అడుగుతారు, రోజూ అడుగుతారు. ధర ఎక్కువన్న కస్టమర్‌కి తిట్టు మెసేజ్ పంపి ఒక పచ్చళ్ల వ్యాపారం 2025లో ఎంత రచ్చకెక్కిందో మనమంతా చూశాం. ఏ నూనె వాడతారో, ఏ కారం వాడతారో ఒక్క వాక్యంలో చెప్పి, "పావుకిలో తీసుకుని రుచి చూడండి" అనండి. అంతే. వాదించొద్దు, తగ్గించొద్దు. ఫిర్యాదు వస్తే ఫోటో అడిగి, మన తప్పయితే అడగకుండానే ఇంకో సీసా పంపండి. నా పాత కస్టమర్లలో కొందరు ఒకప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లే.

30 వేలు ఎలా పంచాలంటే: సీలింగ్ మెషీన్, తూకం, సీసాలు, పెట్టెలు, లేబుళ్లకు 12 వేల దాకా, మొదటి సరుకుకు 8 వేలు, టెస్ట్ పార్సిళ్లకు, చిల్లర ఖర్చులకు 3 వేలు. మిగతా 7 వేలు ముట్టుకోకండి. రెండో బ్యాచ్‌కి మొదటి బ్యాచ్ డబ్బు చేతికి రాకముందే కాయ కొనాల్సి వస్తుంది, అప్పుడు పనికొస్తాయి. అప్పు ఇప్పుడే వద్దు. చిన్న ఆహార పరిశ్రమలకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ 2020లో వచ్చింది. మీరు గ్రైండర్లు, షెడ్డు దాకా వెళ్లినప్పుడు, ఆ పథకం గడువు ఉందో లేదో బ్యాంకులో అడిగి చూసుకోవచ్చు.

మీవారికి వెబ్‌సైట్ బదులు ఒక పని అప్పగించండి: సాయంత్రం పెట్టెలు కట్టి కౌంటర్‌లో ఇచ్చి రావడం. ఆ పని మీ నెత్తిన పడితే వంట, జవాబులు రెండూ దెబ్బతింటాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు వచ్చాక లేబుల్ నమూనా ఇక్కడ పెట్టండి, ప్రింటింగ్‌కి ఇచ్చేలోపు చూసి చెబుతాను.